30 ఆంపియర్ల చలికాలం

మా బాపు బావి మీద నడిచే మోటరు 5 హెచ్‌పీ. లెక్క వేస్తే దాదాపు 3,700 వాట్లు. బోస్టన్‌లో నేను ఒక చలికాలమంతా ఉన్న పడవకు ఒడ్డు నుంచి వచ్చే కరెంటు 120 వోల్టులు, 30 ఆంపియర్లు, అంటే 3,600 వాట్లు. పరకాల దగ్గర మా ఊళ్లో మిర్చి చేనుకు నీళ్లు పెట్టే మోటరు తినే కరెంటు కంటే కొంచెం తక్కువలోనే నేను వండుకున్నాను, వెచ్చగా పడుకున్నాను, లాప్‌టాప్ ముందు కూర్చుని ఉద్యోగం చేశాను. ఈ పోలిక నాకు తట్టలేదు, బాపుకే తట్టింది.

2022 అక్టోబర్‌లో రూమ్మేట్లు ఇద్దరూ వేరే ఊళ్లకు వెళ్లిపోయారు. ఒక్కడినే ఇల్లు తీసుకుంటే జీతంలో సగం పైగా అద్దెకే పోతుంది, చదువు కోసం తీసుకున్న లోను ఇంకా ఉంది. మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకు 34 అడుగుల తెరచాప పడవ ఉంది. చలికాలం ఆయన దక్షిణాన కూతురి దగ్గరికి వెళ్తాడు. ఎవరైనా లోపల ఉండి తాళ్లు చూసుకుంటూ, అడుగున నీళ్లు చేరుతున్నాయేమో చూసుకుంటూ ఉంటే పడవకే మంచిదని, నామమాత్రపు అద్దెకు నాకు ఇచ్చాడు. పడవలు కట్టేసుకునే రేవు, అంటే మెరీనా వాళ్లూ ఒప్పుకున్నారు. అమ్మకు పదిహేను రోజుల తర్వాత చెప్పాను. "నీళ్ల మీద పండుడేంది బిడ్డా" అని ఒక్క మాట అని చాలాసేపు ఏం మాట్లాడలేదు.

పడవ ఉన్నది బోస్టన్‌లోనే చార్ల్స్‌టౌన్ వైపు. 1797లో నీళ్లలోకి దించిన కాన్‌స్టిట్యూషన్ అనే యుద్ధనౌక ఇప్పటికీ అక్కడే తేలుతూ ఉంది, పొద్దున ఒకసారి, పొద్దు గూకేటప్పుడు ఒకసారి దాని మీద ఫిరంగి పేలుస్తారు. డిసెంబర్‌లో ఆ రెండో చప్పుడు సాయంత్రం నాలుగుంబావుకే వినిపించేది. ఇంకా ఆఫీసు మీటింగ్‌లోనే ఉండేవాడిని, బయట చీకటి. సముద్రం రోజుకు రెండుసార్లు దాదాపు మూడు మీటర్లు ఎక్కి దిగుతుంది, మేం కట్టేసుకున్న చెక్కల డాక్ కూడా నీళ్లతోపాటే ఎక్కి దిగుతుంది. అందుకే ఒడ్డుకు వెళ్లే వంతెన ఒక పూట చదునుగా ఉంటే ఇంకో పూట నిచ్చెనలా నిలబడుతుంది. బట్టల సంచి భుజాన వేసుకుని మంచు పట్టిన ఆ వంతెన ఎక్కడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది.

నవంబర్‌లో పడవ మీద కర్రలతో పందిరిలా కట్టి, తెల్లటి ప్లాస్టిక్ కప్పి, వేడిగాలి మెషిన్‌తో దాన్ని బిగుసుకునేలా చేస్తారు. ఎండ ఉన్న రోజు మధ్యాహ్నం ఆ పందిరి కింద స్వెట్టర్ కూడా అక్కర్లేదు. ఆ రెండు గంటల కోసమే శని, ఆదివారాలు ఎదురుచూసేవాడిని.

పడవలో చలికాలం అనగానే అందరూ మంచు గురించి అడుగుతారు. నాతో ఎక్కువ పని చేయించింది తడి. ఊపిరి, చెమట రూపంలో ఒక్క మనిషి రోజుకు అర లీటరు పైనే నీళ్లు గాలిలోకి వదులుతాడు. ఇంట్లో అవి ఎటు పోతాయో మనం పట్టించుకోం. ఒంటి పొర ఫైబర్‌గ్లాస్ గోడల మధ్య అవి ఎటూ పోవు, తెల్లారేసరికి నెత్తి మీద నుంచి చుక్కలు చుక్కలుగా మన మీదే పడతాయి. పరుపు కింద చేయి పెడితే చెమ్మ, షెల్ఫులో పుస్తకాల వెనక బూజు. పైగా గ్యాసు పొయ్యి. కిలో గ్యాసు మండితే కిలోన్నర పైనే నీటి ఆవిరి పుడుతుంది, ఇది కాలేజీలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే, కానీ పప్పు ఉడికించిన రాత్రి కిటికీ కింద గిన్నె పెట్టాల్సి వచ్చినప్పుడే నాకు నిజంగా అర్థమైంది. ఆ తర్వాత కుక్కర్ విజిల్ వచ్చే వంటలన్నీ ఆదివారం ఫ్రెండు వాళ్లింట్లో వండుకుని డబ్బాల్లో తెచ్చుకునేవాడిని. పరుపు కింద చెక్క పట్టీలు పరిచాను, గాలిలో తేమను లాగేసే డీహ్యూమిడిఫైయర్ కొన్నాను, ఎంత చలి ఉన్నా పైన ఒక చిన్న కిటికీ వేలెడంత తెరిచే ఉంచేవాడిని. సంక్రాంతికి అమ్మ హనుమకొండ వాళ్లెవరితోనో సకినాలు పంపింది. మూత సరిగ్గా పెట్టకుండా పడుకున్నాను, పొద్దున చూస్తే కరకరలాడేవి కాస్తా సాగుతున్నాయి. పెనం మీద వేడి చేసుకుని తిన్నాను గానీ, ఆ రోజంతా మనసు బాగాలేదు.

అదే మూటలో గొంగడి కూడా పంపింది. గొర్లు కాసేవాళ్లు వానలో నెత్తి మీద కప్పుకుని తిరిగే గొంగడి ఎందుకు పనికొస్తుందో అక్కడ తెలిసింది. ఉన్ని తడిసినా వేడి పూర్తిగా పోనివ్వదు. కొనుక్కున్న మెత్తటి రజాయి చెమ్మకు ముద్దయిపోయేది, గొంగడి మాత్రం గరుకుగానే అయినా చివరిదాకా నన్ను కాపాడింది.

ఇక కరెంటు. ఒక్కో హీటరు 1,500 వాట్లు, పన్నెండున్నర ఆంపియర్లు. రెండు పెడితే 25. గంటల తరబడి నడిపేటప్పుడు 30లో 80 శాతం, అంటే 24 దాటకూడదు. పక్క పడవలో పదకొండు చలికాలాలుగా ఉంటున్న ఒక రిటైర్డ్ నర్సు నాకు మొదటి వారంలోనే ఈ మాట చెప్పింది. అన్నం పెట్టాలంటే ఒక హీటరు ఆపాలి. టీ కెటిల్ పెట్టాలంటే రైస్ కుక్కర్ ఆపాలి. మరిచిపోతే డాక్ మీది బ్రేకర్ పడిపోతుంది, బూట్లు వేసుకుని, లైఫ్ జాకెట్ తొడుక్కుని, ఆ చీకట్లో వెళ్లి ఎత్తి రావాలి. లైఫ్ జాకెట్ ఎందుకంటే, అక్కడి నీళ్లు ఫిబ్రవరిలో మూడు, నాలుగు డిగ్రీలే ఉంటాయి. జారి పడితే మొదటి నిమిషం ఊపిరి అందదు, పది నిమిషాల్లో చేతులు మాట వినవు, ఈత వచ్చినా లాభం లేదు. నాకు ఈత వచ్చింది బావిలో, అది ఇక్కడికి సరిపోదని నాకు బాగా తెలుసు.

2023 ఫిబ్రవరి 4, శనివారం. ఆ రోజు బోస్టన్‌లో మైనస్ 23 డిగ్రీలు, 1957 తర్వాత అంత చలి అక్కడ రాలేదట. గాలి ఎంత గట్టిగా ఉందంటే తెరచాప స్తంభానికి కొట్టుకునే తాళ్ల చప్పుడుకు ముందు రోజు నుంచే నిద్ర లేదు. రెండు హీటర్లూ ఆపకుండా పెట్టాను. పెట్టకూడదని తెలుసు, అయినా పెట్టాను. రాత్రి రెండింటికి ప్లాస్టిక్ కాలిన వాసన. టార్చి వేసి చూస్తే ఒడ్డు నుంచి వచ్చే కేబుల్ పడవకు తగులుకునే చోట ప్లగ్గు గోధుమ రంగులోకి మారి, ఒక పక్క మెత్తబడుతోంది. బ్రేకర్ పడలేదు, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

ఎందుకో తెలియదు, బాపుకు వీడియో కాల్ చేశాను. అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, చేనులో కూలీలు మిర్చి ఏరుతున్నారు. ఫోన్ ప్లగ్గు వైపు తిప్పగానే నన్ను ఏమీ అడగలేదు.

"మొదాలు పోల్ కాడ బంద్ చెయ్యి. బంద్ చెయ్యకుంట దాన్ని ముట్టకు. చేతులు తడిగున్నయా? తుడ్సుకో. చెప్పులేసుకున్నవా?"

మా ఊళ్లో స్టార్టర్ డబ్బా దగ్గర షాక్ కొట్టి పోయిన మనిషి ఉన్నాడు. బురదలో ఉత్త కాళ్లతో, రాత్రి కరెంటు వచ్చినప్పుడు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చేదాకా మా ఇళ్లల్లో రాత్రి నిద్ర అంటే అంతే, టార్చి పట్టుకుని బాపు వెనక నేనూ పోయేవాడిని. ఆయన చెప్పుల మాట అడిగింది అందుకే.

వెళ్లి బంద్ చేసి వచ్చాను. ప్లగ్గు పీకి చూపించాను. ఒక ఇత్తడి పిన్ను చుట్టూ నల్లగా మాడిపోయింది.

"కాంటాక్టు లూజున్నది బిడ్డా. ఫ్యూజుకు కరెంటు ఎక్కువొస్తేనే ఎరుక, లూజున్నదని దానికి ఎరుక కాదు. అది పోదు, వైరే కాలుతది. లోడెంత పెట్టినవ్?" వాట్లలో చెప్పాను. కాసేపు ఆగి, "అంటే మన మోటరంత. మోటరంత లోడు రాత్రంత ఆపకుంట నడిపిస్తవా?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో, భయం ఉంది.

పక్కావిడ తలుపు తట్టకముందే లైటు వేసుకుని బయటికి వచ్చింది, నా పడవలో చీకటి చూసి. తన స్పేర్ కేబుల్ తెచ్చింది. చలికి అది కట్టెలా బిగుసుకుపోయింది, ఇద్దరం కలిసి వంచాల్సి వచ్చింది. పడవ వైపు సాకెట్ బాగానే ఉందని ఆమె రెండుసార్లు చూశాకే తగిలించాం. ఈలోగా లోపల 14 డిగ్రీల నుంచి ఆరుకు పడిపోయింది. చిన్న డీజిల్ హీటర్ వెలిగించి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో నొక్కి చూసి, గొంగడి కప్పుకుని అందులోనే కూర్చున్నాను. బాపు ఫోన్ పెట్టలేదు. చేనులో నడుస్తూనే మాట్లాడుతున్నాడు, వెనక ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. తెల్లారాక బయటికి చూస్తే సముద్రం మీద నుంచి పొగలు లేస్తున్నాయి, అచ్చం కాగే నీళ్ల మీద లేచినట్టు. గాలి కంటే నీళ్లే వేడిగా ఉన్నప్పుడు అలా లేస్తాయి.

మేలో ఇంటికి వచ్చినప్పుడు ఆ మాడిన ప్లగ్గు పెట్టెలో పెట్టుకుని తెచ్చాను. బాపు దాన్ని తిప్పి తిప్పి చూసి, బొటనవేలి గోరుతో నలుపు గీకి, మోటరు కొట్టంలో పాత ఫ్యూజు కట్టలు పెట్టే గూట్లో పెట్టాడు. తర్వాత మెయిన్ బంద్ చేసి, స్టార్టర్ డబ్బా తెరిచి, స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి "అన్ని స్క్రూలు ఒకపారి బిగియ్యి" అన్నాడు. బిగించాను. మూడో ఫేజు దగ్గర స్క్రూ అర చుట్టు లూజు ఉంది.