తెలుగులో గ్యారంటీ, ఇంగ్లీషులో షరతులు

శ్రీకాకుళంలో మా ఇంటి స్లాబు పాతికేళ్ల కిందటిది. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పటి నుంచీ అమ్మ గదిలో ఒక మూల చెమ్మ దిగుతూనే ఉంది. పోయిన ఏడాది మే నెలలో, వానలు పడేలోపే పని అయిపోవాలని డాబా మీద వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించాం. సరుకూ కూలీ కలిపి 46,000 అయింది. షాపువాళ్లు ఇచ్చిన కరపత్రం మీద "పదేళ్లు చుక్క నీరు దిగదు" అని పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో ఉంది. అది చదివే అమ్మ చీటీ డబ్బులు తీసి ఇచ్చింది.

ఈ ఆగస్టులో ముసురు పట్టిన మూడో రోజు పొద్దున్నే అమ్మ మంచం మీద పెచ్చు ఊడి పడింది. అప్పటికి అమ్మ వంటింట్లో ఉంది కాబట్టి సరిపోయింది. డాబా ఎక్కి చూస్తే పిట్టగోడ మొదట్లో కోటింగ్ బుడగలు లేచి ఉంది, గోటితో లాగితే అరచేయంత ముక్క అప్పడంలా ఊడి వచ్చింది, కింద స్లాబంతా తడి.

కంపెనీ మనిషి వచ్చి చూశాడు. "కోటింగ్‌కి ముందు పూసే ప్రైమర్ సరిగ్గా వేయలేదు మేడమ్, స్లాబు ఆరకుండానే కొట్టేశారు, గ్యారంటీ వర్తించదు" అన్నాడు. కోటింగ్ వేసింది వాళ్ల షాపు పంపిన మేస్త్రీయే! కరపత్రం వెనక్కి తిప్పి చూపించాడు, ఆవగింజంత ఇంగ్లీషు అక్షరాల్లో షరతులు. గ్యారంటీ అంటే డబ్బాలు మాత్రం మళ్లీ ఇస్తారట, కూలీ మనమే పెట్టుకోవాలట. అమ్మకి ఇంగ్లీషు రాదు. ఆమెకి అర్థమయ్యే మాట ముందు పెట్టి, అర్థం కానిది వెనక దాచడం మోసం కాక మరేమిటి?

తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతులూ ఆ భాషలోనే ఉండాలని అందులో స్పష్టంగా ఉంది, పెద్ద మాటతో చెప్పిన అబద్ధాన్ని చిన్న అక్షరాలతో సరిదిద్దకూడదని కూడా. అది చదివాకే కేసు వేయాలని గట్టిగా అనుకున్నాను.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, కంపెనీ నుంచి మళ్లీ అదే ప్రైమర్ కథ. తర్వాత నోటీసు పంపి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, కానీ నష్టం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. సరుకు లోపం మామూలుగా చూస్తే తేలనిదైతే కమిషన్ ల్యాబుకి పంపిస్తుంది.

మీ ఇంట్లో పని జరుగుతుంటే బిల్లుతో పాటు కరపత్రం, డబ్బా మీద లేబులు, షాపువాళ్ల వాట్సాప్ మెసేజీలు ఏవీ పారేయకండి. మేస్త్రీని ఎవరు పంపారో బిల్లు మీద రాయించుకోండి. నేను రాయించుకోలేదు, ఇప్పుడు కంపెనీ పట్టుకుని వేలాడుతున్నది దాన్నే. మేస్త్రీ నంబరు షాపాయన పంపిన మెసేజీ ఒక్కటి ఫోన్‌లో దొరికింది, దాన్ని ప్రింటు తీసి జత చేశాను.

ఊడొచ్చిన ఆ ముక్కని అమ్మ ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టింది. వచ్చే వాయిదాకి తనూ వస్తానంటోంది.