అటక మీది జంపఖానాలు

నిన్న ఉప్పల్‌లో ఇల్లు ఖాళీ చేస్తూ అటక మీంచి నాలుగు పాత జంపఖానాలు దించాం. రెండింటికి చెదలు పట్టాయి, పట్టుకుంటే పోగులు చేతిలోకి ఊడొచ్చాయి. అవి చెత్త ఆటోకి వెళ్లిపోయాయి. ఇంకోటి ఉతికి, మా వీధి చివర కుక్కపిల్లల్ని సాకుతున్న ఆంటీకి ఇచ్చాను.

నాలుగోది అమ్మమ్మది. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసింది. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మా ఇంట్లో మనిషికే సన్మానం జరిగినంత సంతోషపడ్డాను. ఎర్ర చారలు వెలిశాయి గానీ నేత ఎక్కడా సడల్లేదు. ఒక మూల పసుపు మరక అలాగే ఉంది. ఎండాకాలం డాబా మీద దీని మీదే ఆరుగురు పిల్లలం వరసగా పడుకునేవాళ్లం.

"ఇదీ ఇచ్చేద్దామా అమ్మా?" అన్నాను. అమ్మ మాట్లాడలేదు. అంచు చినుగు చూసుకుని సూదీ దారం తెచ్చుకుంది.