రింగు వలల తగువు మీద సర్వే: సంతకం దగ్గర పడ్డ పాట్లు (నా అనుభవం)

విశాఖ తీరంలో రింగు వలల తగువు మీద మా సర్వే మొన్నే పూర్తయింది. ఇలాంటి పని మొదలుపెట్టబోయేవాళ్లకి అక్కరకొస్తుందని, మంట చల్లారకముందే రాస్తున్నాను.

తగువేంటో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. రింగు వలని చేపల గుంపు చుట్టూ తిప్పి, అడుగు తాడు లాగి సంచి మూతిలా బిగించేస్తారు. కవళ్లు, కానాగంతలు గుంపుకి గుంపే పడవెక్కేస్తాయి. పక్కన మామూలు వల వేసుకున్నవాడికి ఏమీ మిగలదు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపలి నీళ్లు సంప్రదాయ పడవలవని నిబంధన. ఆ గీత దగ్గరే పేచీ. 2022 జనవరిలో ఇది పడవలు తగలబెట్టుకునేదాకా వెళ్లింది, ఊళ్లలో పోలీసులు దిగారు.

ప్రశ్నావళి రాయడం, ఊరి పెద్దల అనుమతి తేలిగ్గానే అయిపోయాయి. పీక మీదికొచ్చింది సమ్మతి పత్రం, అంటే సర్వేలో ఇష్టపడే పాల్గొంటున్నానని మనిషి ఒప్పుకునే కాగితం.

పరిశోధనలో పాల్గొనేవాళ్లకి హాని జరగకుండా చూసే మా ఎథిక్స్ కమిటీ ఇచ్చిన నమూనాలో పేరు, చిరునామా, ఫోన్ నంబరు, సంతకం ఉండాలి. వలలు బాగుచేసుకుంటూ గంటసేపు మాట్లాడినవాళ్లు కాగితం బయటికి తీయగానే లేచిపోతారు. "మాటలెన్నైనా చెప్తాను బాబూ, సంతకం మాత్రం అడక్కు" అన్నాడు ఒక పెద్దాయన. ఇదే కమిటీకి రాస్తే, "చదువు రానివారి నుంచి సాక్షి సమక్షంలో వేలిముద్ర తీసుకోండి" అని జవాబొచ్చింది! చదువుకి, దీనికి సంబంధమే లేదు. కేసులు నడుస్తున్న ఊళ్లో పేరూ సంతకమూ ఉన్న కాగితం అంటే, ఆ గొడవ గురించి ఈ మనిషికి తెలుసని రుజువు. అది వాళ్లకి బాగా తెలుసు. కమిటీకే తెలియలేదు. పైగా సమావేశంలో ఒక సభ్యుడు, "జనం నమ్మకం సంపాదించుకోవడం మీకు చేతకాలేదు" అన్నాడు, అందరి ముందూ. రేవులో ఒక్క పూటైనా కూర్చుని ఎరగని మనిషి ఆ మాట అనడం ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

చివరికి పనిచేసింది బతిమాలడం కాదు, కమిటీ భాషలోనే రాసిన దరఖాస్తు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం, తగిన కారణం చూపితే కమిటీ నోటిమాట సమ్మతిని ఆమోదించవచ్చు. రెండోది ఇంకా బలమైనది. మన దేశంలో పరిశోధకుడి కాగితాలకి ప్రత్యేక రక్షణ ఏమీ లేదు. కేసుల విచారణ పద్ధతి చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 94 కింద, అంటే పాత సీఆర్పీసీ 91 కింద, పోలీసులు గానీ కోర్టు గానీ వాటిని తెమ్మనవచ్చు. కాబట్టి ఈ సర్వేలో మనిషికి పెద్ద ప్రమాదం సమ్మతి పత్రమే. ఈ వాక్యం దరఖాస్తులో మొదటి పేరాలోనే పెట్టండి.

ఆ తర్వాత మేం పాటించిన పద్ధతి ఇది. సమ్మతి అడుగుతూ నిమిషంలో చదివి వినిపించే మాటలు, రింగు వలలవాళ్లు, మామూలు వలలవాళ్లు అనే రెండు వర్గాలకీ చెందని ఒక సాక్షి. సంతకం మాత్రం ప్రశ్నలడిగేవాడిది. పేరుకి బదులు అంకె, ఏ అంకె ఎవరిదో జాబితా రాయకూడదు. గొంతు రికార్డు చెయ్యొద్దు, ఊళ్లో గొంతు వినగానే పోల్చేస్తారు. ఫోన్‌లో సర్వే యాప్ వాడితే జీపీఎస్ ప్రశ్న తీసేయండి, లేకపోతే ఇంటి గుమ్మం దాకా దారి మీరే చూపించినట్టు. "ఆ రోజు నువ్వెక్కడున్నావు" అని ఎప్పుడూ అడగొద్దు. నిబంధన ఎలా ఉండాలో అడగండి, గంటలు చెబుతారు. ఇలా మార్చాక మా దగ్గర్నుంచి ఒక్కరూ మధ్యలో లేచిపోలేదు, ఇది గర్వంగానే చెబుతున్నాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అందరూ ఒడ్డునే ఉంటారు కదా అని అప్పుడు వెళ్లకండి. నిషేధ కాలానికి ప్రభుత్వమిచ్చే భృతి జాబితా రాస్తున్నారనుకుని వరస కడతారు.

సర్వేలో ప్రశ్నలతో పాటు, ఉమ్మడి మేలుకి ఎవరెంత కలిసొస్తారో చూసే ఒక ఆట కూడా ఉంది. ఈ సహకారం కొలిచే ఆటకి కాగితం కన్నా చింతగింజలు నయం. నలుగురికి తలా 20 గింజలు. ఉమ్మడి డబ్బాలో ఎంత వేస్తే అంతకి 1.6 రెట్లు చేసి నలుగురికీ సమానంగా పంచాలి. అందరూ మొత్తం వేస్తే తలా 32. ఒకడు ఎగ్గొట్టి ముగ్గురు వేస్తే ఎగ్గొట్టినవాడికి 44, మిగతావాళ్లకి 24. గింజలు వేసేది గుడ్డ చాటున, చప్పుడు వినపడకుండా డబ్బా అడుగున ఇసుక పోసి. రెండు ఊళ్లలో సర్వే చేస్తుంటే రెండు చోట్లా ఒకే రోజు ఆడించాలి. మర్నాటికి లెక్క ఊరంతా పాకిపోతుంది.

ఇక ఆట చివర ఎవరి గింజలకి తగ్గట్టు వాళ్లకి ఇచ్చే డబ్బు సంగతి. ఇక్కడ అకౌంట్స్ విభాగం మళ్లీ అదే పాట ఎత్తుకుంది: డబ్బు తీసుకున్న ప్రతి ఒక్కరి పేరు, సంతకంతో రశీదు కావాలట. కమిటీ దగ్గర అంత పోరాడి తీసేసిన పేర్లు ఈ దారిన వచ్చి కూర్చుంటాయి. డబ్బు అంకెల మీదే ఇస్తామని, సాక్షి ధ్రువీకరణే రశీదని ఆమోద పత్రంలోనే ఒక వాక్యం రాయించుకోండి. మా గుమాస్తా ఆ వాక్యం కింద గీత గీసుకుని, అప్పుడు గానీ అడ్వాన్సు ఇవ్వలేదు.