బ్రిక్స్‌టన్‌లో కాగితాలు దాచిన ఇల్లు

లండన్ విక్టోరియా లైనులో దక్షిణాన చివరి స్టేషను బ్రిక్స్‌టన్. మెట్లెక్కి రోడ్డు మీదికి రాగానే అగరుబత్తుల వాసన గుప్పుమంది. కాస్త అవతల ఎలక్ట్రిక్ అవెన్యూ. 1880లలోనే కరెంటు దీపాలు వెలిగిన బజారు అది. పెండలం దుంపలు, కూర అరటికాయలు, ఉప్పుచేప, బెండకాయలు రాశులు పోసి ఉన్నాయి. నేను బేరసారాలు చూస్తూ నిలబడితే, వెంట వచ్చిన మా చెల్లెలి కూతురు “పెద్దమ్మా, మనకిచ్చిన టైము దాటిపోతుంది” అని చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించింది.

మేము వెళ్లాల్సింది బ్లాక్ కల్చరల్ ఆర్కైవ్స్‌కు. నల్లజాతివాళ్ల చరిత్ర కాగితాలు దాచే ఆ సంస్థ విండ్‌రష్ స్క్వేర్‌లో ఉంది. 1948 జూన్ 22న టిల్బరీ రేవులో ఎంపైర్ విండ్‌రష్ ఓడ నుంచి కరీబియన్ దీవులవాళ్లు వందల మంది దిగారు. యుద్ధంతో చితికిపోయిన బ్రిటన్‌కు అప్పుడు పనివాళ్లు కావాలి. బస కుదరని వాళ్లను క్లాఫమ్ సౌత్‌లో, భూమి అడుగున తవ్విన యుద్ధకాలపు షెల్టరులో ఉంచారు. దానికి దగ్గర్లో ఉన్న ఉపాధి కార్యాలయం బ్రిక్స్‌టన్‌లోని కోల్డ్‌హార్బర్ లేన్‌లో ఉండేది. పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు చుట్టుపక్కలే గదులు చూసుకుని స్థిరపడ్డారు. ఈ చౌరస్తాకు ఆ ఓడ పేరు పెట్టడానికి మాత్రం యాభై ఏళ్లు పట్టింది.

చౌరస్తాలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది చెర్రీ గ్రోస్ స్మారకం. 1985 సెప్టెంబరు 28 తెల్లవారుజామున ఆమె కొడుకు కోసం వెతుకుతూ ఇంట్లోకి చొరబడ్డ పోలీసులు ఆమెను కాల్చారు. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. ఆ కబురుతో బ్రిక్స్‌టన్ భగ్గుమంది. ఆమె 2011లో చనిపోయారు. పోలీసుల వైఫల్యాలే అందుకు దారి తీశాయని 2014లో విచారణ తేల్చింది, అప్పుడు గానీ క్షమాపణ రాలేదు. 2021లో ఆవిష్కరించిన ఈ స్మారకానికి రూపమిచ్చింది వాస్తుశిల్పి డేవిడ్ అడ్జయె. విగ్రహం లేదు. ఒకే స్తంభం మీద నిలిచిన కప్పు, కప్పు పైన మొక్కలు, కింద కూర్చోవడానికి అరుగు. ఒక ముసలాయన అక్కడ కూర్చుని పొట్లం విప్పుకుని తింటున్నాడు. ఏడాదికోసారి దండ వేసి వెళ్లిపోయే విగ్రహాల కంటే ఇది నాకు నచ్చింది.

ఆర్కైవ్స్ ఉన్నది రాలీ హాల్ అనే, జార్జి రాజుల కాలం నాటి పాత భవనంలో. ఇక్కడికి మారింది 2014లో, కానీ సంస్థ పుట్టింది 1981లో. ఆ ఏడాది జరిగినవి తెలియకపోతే ఈ ఇల్లు అర్థం కాదు. జనవరి 18న న్యూక్రాస్‌లో ఒక అమ్మాయి పుట్టినరోజు వేడుకలో మంటలు చెలరేగి పదమూడు మంది నల్లజాతి యువతీయువకులు చనిపోయారు. ప్రభుత్వం నుంచి సానుభూతి మాట లేదు. మార్చి 2న, పనిదినమైన సోమవారం నాడు, దాదాపు 20,000 మంది న్యూక్రాస్ నుంచి హైడ్ పార్కుకు నడిచారు. ఏప్రిల్‌లో పోలీసులు బ్రిక్స్‌టన్‌లో ‘స్వాంప్ 81’ పేరుతో కొద్ది రోజుల్లోనే 943 మందిని ఆపి సోదా చేశారు. అనుమానం వస్తే చాలు అరెస్టు చేయడానికి 1824 నాటి దేశదిమ్మరుల చట్టం అప్పటికింకా అమల్లోనే ఉంది. మనిషిని చూడగానే దొంగ అనుకునే ఈ చట్టాలు మనకు కొత్తవి కావు. 1871లో ఇదే సామ్రాజ్యం మన దేశంలో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. దాని నీడ స్టువర్టుపురం ఎరుకలవాళ్ల మీద ఎంతకాలం ఉందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా?

బ్రిక్స్‌టన్ తిరగబడిన ఆ ఏడాదే లెన్ గారిసన్, మరికొందరు కలిసి కాగితాలు పోగు చేయడం మొదలుపెట్టారు. గారిసన్ జమైకాలో పుట్టిన విద్యావేత్త. తమ చరిత్ర తమకు తెలియకుండా పెరిగే పిల్లలను బడి సులువుగా కిందికి తోసేస్తుందన్నది ఆయన బాధ. కరపత్రాలు, ఫొటోలు, ఉత్తరాలు, సభల మినిట్స్, ఇతరులు చెత్తబుట్టలో వేసేవన్నీ దాచారు.

చదువుకునే గదిలోకి పెన్ను తీసుకెళ్లనివ్వరు, పెన్సిలే. మా ముందుకు వచ్చిన పెట్టెలో ఉన్నవి ‘ఒవాద్’ కాగితాలు. ఆఫ్రికా, ఆసియా మూలాలున్న మహిళలు 1978లో పెట్టుకున్న సంఘం అది. వ్యవస్థాపకుల్లో బ్రిక్స్‌టన్‌కు చెందిన ఆలివ్ మోరిస్ ఉన్నారు. ఇరవై ఏడేళ్లకే, 1979లో, ఆమె క్యాన్సర్‌తో పోయారు. మరో సభ్యురాలు స్టెల్లా డాడ్జీ భద్రం చేసి ఇచ్చినవే ఈ కాగితాలు. టైపు చేసి, చేత్తో శీర్షికలు రాసి, పిన్ను కొట్టిన వార్తాలేఖలు. పిన్ను తుప్పు మరక పక్క పేజీకి కూడా దిగింది.

1979 జనవరిలో, పెళ్లి చేసుకోవడానికి వచ్చిన ఒక భారతీయ ఉపాధ్యాయురాలికి హీత్రూ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారులు కన్యత్వ పరీక్ష చేయించారు. విషయం బయటికి రాగానే ఈ సంఘం మహిళలు, ‘ఆవాజ్’ అనే ఆసియా మహిళల బృందంతో కలిసి హీత్రూలోనే నిరసనకు దిగారు. వాళ్లలో చాలామందికి ఆమె ఎవరో కూడా తెలియదు. సంఘీభావం అన్న మాటను ఎన్నో సభల్లో విని విసిగిపోయినదాన్ని. వేరే ఖండం ఆడదానికి జరిగిన అవమానానికి విమానాశ్రయంలో బైఠాయించడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

ఇక కాగితాల అసలు కథ 2018లో బయటపడింది. పిల్లలుగా వచ్చి, ఇక్కడే చదివి, పన్నులు కట్టి ముసలివాళ్లైన కరీబియన్లను ప్రభుత్వం రుజువులు అడిగింది. ఏ ఏడాదికా ఏడాది ఇక్కడే ఉన్నట్టు చూపించమంది. చూపలేనివాళ్ల ఉద్యోగాలు పోయాయి, వైద్యం ఆగింది, కనీసం 83 మందిని అన్యాయంగా దేశం దాటించారు. వాళ్లు వచ్చిన నాటి ల్యాండింగ్ కార్డులను హోం శాఖే 2010లో నాశనం చేసిందని తర్వాత తేలింది. ఏలినవారు రికార్డు తగలేసి రుజువు తెమ్మన్నారు. అప్పుడు ఈ భవనంలోనే లాయర్లు కూర్చుని బాధితులకు ఉచితంగా సలహాలిచ్చారు. విచిత్రం ఏమిటంటే అదే ఏడాది డబ్బుల్లేక ఈ సంస్థే మూతపడే స్థితికి వచ్చింది. 2019 ఆరంభంలో ప్రభుత్వం 2,00,000 పౌండ్లు ఇచ్చి ఊపిరి పోసింది. దాన్ని దయ అనడానికి నాకు నోరు రాదు.

ఇది విని మా పిల్ల ఫోను తీసి చూపించింది. “మాకిప్పుడు కార్డు కూడా లేదు పెద్దమ్మా. వీసా అంతా ఆన్‌లైనే. సర్వరు పనిచేయకపోతే నేను ఎవరినో చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండదు.” నవ్వుతూనే అంది గానీ, ఆ సాయంత్రమే స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి దాచుకుంది.

బయటికి వచ్చి రైల్టన్ రోడ్డు పట్టుకున్నాం. 165వ నంబరు ఇంట్లో ఒకప్పుడు రేస్ టుడే అనే నల్లజాతి పోరాట పత్రిక ఆఫీసు నడిచేది. ట్రినిడాడ్ మేధావి సి.ఎల్.ఆర్. జేమ్స్ 1989లో కన్నుమూసే దాకా ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆ పత్రికలో మన దేశం నుంచి వెళ్లిన ఫరూఖ్ ధోండీ, మాలా సేన్ కూడా పనిచేశారు. లండన్ తూర్పున ఈస్ట్ ఎండ్‌లో ఇళ్లు దొరకని బెంగాలీ కుటుంబాలను కూడగట్టి, 1976లో ఖాళీ ఇళ్లలోకి దింపిన పోరాటానికి వాళ్లు వెన్నుదన్నుగా నిలిచారు. 1978 మే 4న వైట్‌చాపెల్‌లో అల్తాబ్ అలీ అనే బట్టల కార్మికుణ్ని జాత్యహంకారులు పొడిచి చంపినప్పుడు, శవపేటిక వెనక వేలమంది ప్రధాని ఇంటి దాకా నడిచారు. ఆయన పేరు పెట్టిన పార్కు అక్కడే ఉందట. “అది మా కాలేజీ దారిలోనే పెద్దమ్మా, రేపు పొద్దున్నే వెళ్దాం” అంది మా పిల్ల.