పాత కోచ్ అవతలి జట్టు బెంచీ మీద

కప్పు తెచ్చినోడు ఎక్కడున్నా బాగుండాలె అని సగం మనసు. పోతే పోయిండు, గోవాకే పోవాల్నా అని మిగతా సగం. 2023 వేసవిలో స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీని వదిలి ఎఫ్‌సీ గోవాలో చేరినప్పుడు గచ్చిబౌలిలో పసుపు జెర్సీ వేసుకునే వాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే. గల్ఫ్‌లో కాంట్రాక్టుల మీద బతుకుతూ సొంతూరి జట్టును ఫోన్లో చూసుకునే హైదరాబాదీలకు ఇందులో ఇంకో సంగతి కూడా కనబడుతుంది. మార్కెజ్ కూడా పరదేశంలో పనిచేసుకునే మనిషే. బార్సిలోనా నుంచి వీసా మీద వచ్చాడు, గడువున్న ఒప్పందం మీద పనిచేశాడు, గడువు తీరాక ఇంకో యజమానిని చూసుకున్నాడు. దుబాయ్‌లో మన ఫోర్‌మన్ ఎవరైనా కంపెనీ మారితే జీతం ఎంత పెరిగిందనే అడుగుతాం కానీ ద్రోహి అనం.

ఆయన రాకముందు సంగతి గుర్తుండాలి. ఇండియన్ సూపర్ లీగ్‌లో 2019-20 తొలి సీజన్‌లో హైదరాబాద్ 18 మ్యాచ్‌లాడి 10 పాయింట్లతో అట్టడుగున మిగిలింది. తర్వాతి సీజన్‌కు అనుకున్న కోచ్ ఆల్బర్ట్ రోకా. బార్సిలోనా నుంచి పిలుపు రావడంతో 2020 ఆగస్టులో ఆయన అటు వెళ్లిపోయాడు. ఆ ఖాళీలోకి వచ్చినవాడే మార్కెజ్. ఒక కోచ్ ఒప్పుకున్న పని వదిలి పోబట్టే మనకీ కోచ్ దొరికాడన్నమాట, ఆ లెక్క మాత్రం ఎవరూ వేయరు. తొలి ఏడు ఐదో స్థానం. రెండో ఏడు, 2022 మార్చి 20న, ఫైనల్లో మొదటి గోల్ కేరళ బ్లాస్టర్స్ కొట్టింది. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా పెనాల్టీ బాక్సు బయటి నుంచి వాలీ (బంతి నేల తాకకముందే కొట్టే షాట్) కొట్టి సమం చేశాడు. షూటౌట్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు మనది. ఆ సీజన్‌లో మన ఒగ్బెచే 18 గోల్స్‌తో, ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ గెలిచాడు. మూడో ఏడు లీగ్‌లో రెండో స్థానం, సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల మీద ఓటమి.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది. ఆ మూడు సీజన్లలో మొదటి రెండూ కోవిడ్ వల్ల పూర్తిగా గోవాలోనే జరిగాయి. కాగితం మీద మనవని రాసిన సొంత మ్యాచ్‌లు కూడా అక్కడే, ఖాళీ గ్యాలరీల ముందు. హోటల్ గది, ప్రాక్టీసు మైదానం, స్టేడియం, మళ్లీ హోటల్ గది. లేబర్ క్యాంపు, బస్సు, సైటు మధ్య ఏళ్లు గడిపినవాళ్లకు ఈ బతుకు విప్పి చెప్పక్కర్లేదు. కప్పు ఎత్తింది కూడా ఎఫ్‌సీ గోవా సొంత మైదానం ఫతోర్డాలోనే. హైదరాబాద్ జనం ముందు ఆయన పూర్తిగా నడిపింది 2022-23 ఒక్క సీజన్. మనం ఆయన్ను టీవీలో ప్రేమించాం. ఆయన మాత్రం భారతదేశంలో ఎక్కువ కాలం పనిచేసి, మైదానాలూ వానలూ ఉక్కపోతా అన్నీ ఎరిగిన చోటు గోవా. ఆ కోణంలో చూస్తే ఆయన కొత్త ఊరికేం పోలేదు.

ఇక కాంట్రాక్టు. హైదరాబాద్‌తో ఆయన ఒప్పందం 2023 వరకే. సీజన్ ముగిశాకే కదిలాడు. గల్ఫ్ మాటలో చెప్పాలంటే కల్లివెల్లి కాలేదు, అంటే గడువు మధ్యలో పని వదిలి పారిపోలేదు. అయినా ప్రత్యర్థి జట్టులో చేరకుండా క్లబ్ ముందే షరతు రాయించుకోవాల్సింది అనేవాళ్లున్నారు. అది మన దేశంలో నిలిచే షరతు కాదు. యూఏఈ కార్మిక చట్టం ప్రకారమైతే పోటీ కంపెనీలో చేరకూడదని యజమాని రాయించుకోవచ్చు. అయితే రెండేళ్లకు మించకూడదు, ఏ ప్రాంతంలో, ఏ రకం పనిలో అన్నది స్పష్టంగా ఉండాలి. ఖతార్‌లో 2020 సవరణ తర్వాత ఆ గడువు ఏడాదే. భారత్‌లో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ఉంది. ఉద్యోగం ముగిశాక ఫలానా చోట పని చేయొద్దనే షరతు దాని కింద చెల్లదు. కాబట్టి క్లబ్ పట్టు ఒప్పందం నడిచినన్నాళ్లే. గడువు మధ్యలో ఇంకో జట్టు అడిగితే పరిహారం కోరవచ్చు, నోటీసు కాలమంతా ఆపవచ్చు, అంతే. ఆటగాళ్లకున్నట్టు కోచ్‌లకు ట్రాన్స్‌ఫర్ విండో, అంటే జట్టు మారేందుకు నిర్ణీత కాలం, కూడా లేదు.

వీసా దగ్గర మాత్రం మన దేశమే గల్ఫ్ కఫీల్ (వీసా ఇచ్చే యజమాని) పద్ధతిని గుర్తుచేస్తుంది. విదేశీ కోచ్‌కు ఇచ్చే ఎంప్లాయ్‌మెంట్ వీసా, పిలిచిన సంస్థ పేరు మీదే ఉంటుంది. 180 రోజులు దాటిన వీసా అయితే దిగిన 14 రోజుల్లోపు విదేశీయుల నమోదు కార్యాలయం ఎఫ్ఆర్ఆర్ఓలో పేరు నమోదు చేసుకోవాలి. యజమాని మారితే ఇక్కడే ఉండి కాగితం మార్పించుకోవడం మామూలుగా కుదరదు, బయటికి పోయి కొత్త వీసాతో తిరిగి రావాలి. సీజన్ మధ్యలో ఒక భారతీయ క్లబ్ నుంచి ఇంకో క్లబ్‌కు దూకడం విదేశీయులకు అందుకే కష్టం. వేసవిలో లీగ్ ఉండదు, ఎలాగూ ఇంటికి పోతారు, వచ్చేటప్పుడు కొత్త యజమాని కాగితాలతో వస్తారు. గల్ఫ్‌లో వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరికొచ్చి మళ్లీ పోయినోళ్లకు ఈ తోవ బాగా తెలుసు.

గడువు మధ్యలో పోవడం న్యాయమయ్యే సందర్భం కూడా ఒకటుంది. రెండు నెలల జీతం ఆగితే క్లబ్‌కు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, 15 రోజులు గడువు పెట్టి, అప్పటికీ ఇవ్వకపోతే ఒప్పందం తెంచుకోవచ్చని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా నియమం. ఆటగాళ్లకున్న ఈ రక్షణ 2021 నుంచి కోచ్‌లకూ వచ్చింది. నోటీసు ఇవ్వకుండా విమానం ఎక్కితే మాత్రం కేసు తిరగబడుతుంది, తెంచుకున్నవాడే పరిహారం కట్టాల్సి రావచ్చు. జీతం ఆగిన కోపంలో సైటు వదిలేసి, కేసు గెలవాల్సినోడు పరారీ ముద్ర వేయించుకున్న కథలు గల్ఫ్‌లో కొల్లలు. చేతిలో కాగితం లేకపోతే న్యాయం మన వైపున్నా పనికిరాదు. తీర్పు వచ్చాక కూడా క్లబ్ డబ్బు కట్టకపోతే, కట్టేదాకా కొత్త ఆటగాళ్ల నమోదు మీద నిషేధం పడుతుంది, గరిష్ఠంగా వరుసగా మూడు విండోలు.

మార్కెజ్ పోయిన తర్వాతి సీజన్‌లో హైదరాబాద్‌కు అదే గతి పట్టింది. జీతాల బకాయిలు, నమోదు నిషేధం, ఒక్కొక్కరుగా ఆటగాళ్ల నిష్క్రమణ. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. అదే ఏడు గోవా మూడో స్థానంలో నిలిచింది. అభిమాని మనసు మండింది ఇక్కడ. డిఫెన్స్‌కు వెన్నెముకగా ఉన్న ఒడే ఒనైండియా వేసవిలోనే గోవాకు చేరాడు. 2024 జనవరిలో మన జట్టు కుర్రాడు మహ్మద్ యాసిర్ కూడా అటే. కోచ్ తన మనుషుల్ని లాక్కుపోయాడని తిట్టుకోవడం తేలిక. అయితే ఆటగాడు ఒప్పందం తీరో, జీతం ఆగో బయటికొచ్చాక తన ఆటను ఎరిగిన కోచ్ దగ్గరికే పోతాడు. మేస్త్రీ కొత్త కంపెనీకి మారితే అతని ఊరి గుంపు మొత్తం వెనకాలే కదిలినట్టు. ముందు ఇల్లు చెడింది, తర్వాతే మనుషులు పోయారు. తిట్టాలనుకుంటే జీతాలివ్వని వాళ్లను తిట్టాలి, వాళ్ల పేర్లు స్టాండ్స్‌లో ఎవరికీ తెలియవు, కోచ్ పేరు అందరికీ తెలుసు, అదీ చిక్కు.

ఈ ఊరు వలస ఫుట్‌బాల్ గురించి ఒకరితో చెప్పించుకోవాల్సిందేమీ లేదు. కోచ్ రహీం సాబ్ నడిపిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. ఆటగాడి ఉద్యోగమూ ఆటా ఒకేచోట ఉన్న రోజులవి. కలకత్తా క్లబ్‌లు డబ్బు చూపించాక పిల్లలు రైలెక్కారు. మహ్మద్ హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, 1968లో మోహన్ బగాన్‌కు, 1970లో తిరిగి ఈస్ట్ బెంగాల్‌కు, 1975లో మహమ్మడన్‌కు, ఆ తర్వాత మళ్లీ మోహన్ బగాన్‌కు ఆడాడు. 1977లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2గా ముగించిన మ్యాచ్‌లో ఒక గోల్ ఆయనదే. సయ్యద్ నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అనే ఆ ఇద్దరు బద్ధ శత్రువులకూ ఆడాడు, ఇద్దరికీ కోచ్‌గానూ పనిచేశాడు, బంగ్లాదేశ్ పోయి అక్కడి జాతీయ జట్టునూ నడిపాడు. కలకత్తాలో వాళ్లను నెత్తిన పెట్టుకున్నారు, తిట్టారు, మళ్లీ నెత్తిన పెట్టుకున్నారు. మనం వాళ్లను ఎప్పుడూ మనవాళ్లనే అన్నాం. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. మార్కెజ్ గోవా వెళ్లిన వేసవి అప్పటికి ఇంకా పాతబడలేదు.

నిజంగా తప్పుపట్టాల్సింది ఇంకోటుంది, దాని గురించి తక్కువమంది మాట్లాడారు. 2024 జులైలో మార్కెజ్‌ను భారత జాతీయ జట్టు కోచ్‌గా నియమించి, ఆ సీజనంతా గోవా పనీ చేసుకోనిచ్చారు. జాతీయ కోచ్‌గా తొలి మ్యాచ్ ఆ సెప్టెంబరు 3న గచ్చిబౌలిలోనే, మారిషస్‌తో 0-0. ఆరు రోజులకు అదే మైదానంలో సిరియా చేతిలో 0-3. నవంబరులో అక్కడే మలేషియాతో 1-1. వారాంతంలో తను ఓడించాల్సిన జట్ల నుంచి, తర్వాతి నెలలో తనే ఆటగాళ్లను పిలవాలి. ఎంత నిజాయితీగా పిలిచినా, పిలుపు రానివాడికి అనుమానం పోదు. గోవాకు ఆ ఏడు లీగ్‌లో రెండో స్థానమూ, సూపర్ కప్పూ దక్కాయి. భారత్‌కు ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు దక్కింది. 2025 జులైలో జాతీయ పదవి వదిలేశాడు.

ఆ ఏడాదే హైదరాబాద్ క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. గోవా బెంచీ మీద మార్కెజ్‌ను చూసి చప్పట్లు కొట్టాలా, ఈలలు వేయాలా అన్న తగవు గచ్చిబౌలిలో తేలనే లేదు.