పందికొక్కు పాఠం

కడపలో మా హైస్కూల్లో తొమ్మిదో తరగతికి రోజూ పది ఇంగ్లీష్ పదాలు బట్టీ పట్టించేదాన్ని. సోమవారం అప్పజెప్పినవి గురువారానికి మాయం. తప్పు పిల్లలదే అనుకున్నాను, చాలాకాలం.

మొన్న విసుగొచ్చి బోర్డు మీద ఒక్క ముక్కే రాశాను: 'స్పెక్ట్'. లాటిన్‌లో చూడటం అని చెప్పి ఊరుకున్నాను. ఇన్‌స్పెక్టర్ అన్నాడొకడు. మా తాత కళ్లజోడు, స్పెక్టకిల్స్ అంది ఇంకో పిల్ల. మ్యాచ్ చూసేవాళ్లు స్పెక్టేటర్లు కదా మేడం అని వెనక బెంచీ. అప్పుడు 'రెట్రోస్పెక్ట్' ఇచ్చాను. 'రెట్రో' అంటే వెనక్కి అన్నానో లేదో, "వెనక్కి తిరిగి చూడటమా?" అన్నారు. ఎవరూ డిక్షనరీ తెరవలేదు.

'బ్యాండికూట్' మన పందికొక్కు నుంచే వెళ్లిందని చెప్తే క్లాసంతా గోల. "మన మాట వాళ్లు తీసుకున్నారా!" అని ఒకటే ఆశ్చర్యం. 1820లో ఉద్యోగం మీద ఈ ఊరొచ్చిన బ్రౌన్ దొరే తర్వాత తెలుగు నిఘంటువు చేశాడని కూడా చెప్పాను. ఆయన పేరుతో ఊళ్లో ఉన్న లైబ్రరీకి ఒక్కరూ వెళ్లలేదట. (నేను వెళ్లీ రెండేళ్లయింది, అది చెప్పలేదు.)

స్పెల్లింగులు మాత్రం ఇంకా ఘోరమే. శనివారం అందరినీ లైబ్రరీకి తీసుకెళ్తానని మాటిచ్చేశాను, హెడ్మాస్టర్ గారిని ఇంకా అడగనేలేదు.