పొట్టంగిలో ఆగిన బస్సు

సాలూరులో బస్సెక్కేటప్పుడు కండక్టరు "భోజనం టైముకి జయపురంలో ఉంటారు సార్" అన్నాడు. దిగేసరికి సాయంత్రం ఆరున్నర. టికెట్టు 220 రూపాయలు. నిరుడు దసరాకి వెళ్ళినప్పుడు 180 తీసుకున్నారు. పైగా నా సంచికి లగేజీ కింద ఇంకో 40 లాగాడు. సంచి ఒళ్ళో పెట్టుకుంటానన్నా వినలేదు.

సంచిలో ఇత్తడి బిందె ఉంది. మా నానమ్మది. ఆవిడ పోయాక అటకెక్కింది. ఒడిశాలో, జయపురంలో ఉన్న మేనత్త నాలుగేళ్ళుగా ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మ బిందె నాకిచ్చేయండ్రా" అంటోంది. కొరియర్‌లో వేస్తే సొట్టలు పడతాయని, 2025 మార్చిలో, హోలీకి ముందు, రెండు రోజులు సెలవు పెట్టి నేనే బయల్దేరాను.

సుంకి ఘాటీ నాకు చిన్నప్పటి నుంచీ భయమే. మలుపు మలుపుకీ కడుపులో తిప్పేది. నానమ్మ నిమ్మకాయ చేతిలో పెట్టి వాసన చూస్తూ ఉండమనేది. అత్తని అంత దూరం, ఆ కొండల్లోకి, ఒడిశాకి ఎందుకిచ్చావని చుట్టాలు దెప్పితే, "ఒడిశా ఏటి? మన విశాఖపట్నం జిల్లాయే కదా" అనేది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం సంస్థానం మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. అత్త పెళ్ళయింది 1974లో. అయినా నానమ్మ లెక్క నానమ్మదే. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ తెలుగులో కవిత్వం రాశాడనీ, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చాడనీ ఆవిడకి నోటికి వచ్చు. ఆ రాజుగారున్న ఊరు పరాయిదెలా అవుతుందని ఆవిడ వాదన.

ఈసారి ఘాటీలో కడుపు తిప్పలేదు. రోడ్డు బాగుంది. కొండల మీద మోదుగలు పూసి ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని హాయిగా వెళ్తున్నాను. పొట్టంగిలో బస్సు ఆగిపోయింది.

మొదట టీ కోసం ఆపాడనుకున్నాను. పది నిమిషాలకి డ్రైవరు కూడా దిగిపోయాడు. ముందు మలుపులో ఒక లారీ అడ్డంగా నిలబడిపోయింది. దాని వెనక ఎటు చూసినా బైకులు. సగం రోడ్డు బైకులే. గోడల మీద పిల్లలు, డాబాల మీద ఆడవాళ్ళు, ట్రాక్టరు ట్రాలీలో ఇరవై మంది కుర్రాళ్ళు. పొట్టంగి చిన్న ఊరు. బజారు మొదలయ్యేలోపే అయిపోతుంది. అంత జనం ఆ కొండల్లో ఎక్కడున్నారో, ఎప్పుడు దిగారో తెలీదు.

"మహేష్ బాబు వస్తన్నాడంట" అన్నాడు నా వెనక సీటు కుర్రాడు. ఎవరో ఒడియాలో అదే చెప్పారు. పక్కన కూరగాయల గంపతో నిలబడ్డ ఆవిడ ఆ కొండల్లో మాట్లాడే దేశియా భాషలో ఏదో అడిగింది, అందులో నాకు మహేష్ ఒక్కటే అర్థమైంది.

ఆ నెలలో రాజమౌళి సినిమా షూటింగ్ కోరాపుట్ జిల్లాలోనే జరుగుతోంది. మహేష్ బాబు, ప్రియాంకా చోప్రా, పృథ్వీరాజ్ అందరూ అక్కడే ఉన్నారు. సిమిలిగుడ దగ్గర తాళమాలి కొండ మీద సెట్ వేశారు. ఆ సంగతి నాకూ తెలుసు, పేపర్లో చదివాను. కానీ వాళ్ళు ఈ రోడ్డు మీద, ఇదే పూట, ఈ ఊరి మీదుగా వెళ్తారని ఎవరికి ఎవరు చెప్పారో మాత్రం ఎంత అడిగినా తేలలేదు. వైజాగ్ ఎయిర్‌పోర్టుకి వెళ్తున్నాడని ఒకరు, దేవమాలి చూడ్డానికని ఒకరు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ దేవమాలి, 1,672 మీటర్లు. అది ఈ పొట్టంగి వైపే కాబట్టి ఆ మాటనీ కొట్టిపారేయలేం.

మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. ఇంటర్ చదువుతోంది. పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్ల ఒక్కసారిగా కేక వేసింది. "నాన్నా, వీడియో తీయి. జూమ్ చేసి తీయి. చెయ్యి వణక్కుండా తీయి." సరేనన్నాను. నాకూ చూడాలనే ఉంది.

గంట గడిచింది. ఎండ మొహాన కొడుతోంది. బొటనవేలంత కప్పులో టీ 15 రూపాయలు. బరా, గుగ్గుని తిన్నాను, అవి మాత్రం బాగున్నాయి, డబ్బుకి తగ్గట్టే పెట్టాడు. నా పక్కన గోడ మీద ముగ్గురు ఆడపిల్లలు కూర్చున్నారు. పెద్దదానికి పదిహేనేళ్ళుంటాయి. కొత్త గౌను వేసుకుంది, చేతిలో బంతిపూల దండ. కొటియా వైపు ఊరట. తెల్లారకుండానే బయల్దేరి వచ్చారట. కొటియా ఊళ్ళు మాదని ఆంధ్ర, మాదని ఒడిశా కోర్టుల్లో ఎన్నేళ్ళుగానో కొట్లాడుకుంటున్నాయి. ఆ పిల్ల తెలుగు, ఒడియా రెండూ కలిపి గడగడా మాట్లాడేసింది. "కారు ఆపుతాడా అంకుల్?" అని అడిగింది. ఆపుతాడమ్మా అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఆపాలని నాకు నిజంగా అనిపించింది.

నన్ను కూడా ఇలాగే ఒకసారి తీసుకెళ్ళారు. 1982లో, నాకు ఐదేళ్ళు. చైతన్య రథం మీద ఎన్టీ రామారావు బొబ్బిలి వైపు వస్తున్నాడని మా ఊరు ఊరంతా మెయిన్ రోడ్డు మీదకి వచ్చి కూర్చుంది. సాయంత్రం అన్నారు, రాత్రి అన్నారు, అర్ధరాత్రి దాటింది. ఆడవాళ్ళు హారతి పళ్ళేలు పక్కన పెట్టుకుని రోడ్డు మీదే కునుకు తీశారు. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. వ్యాను వచ్చింది, పైన ఖాకీ బట్టల్లో ఆయన నిలబడి ఉన్నాడు, లైట్లన్నీ ఆయన మీదే. ఏం మాట్లాడాడో నాకు గుర్తులేదు. నాన్న భుజాలు అదురుతుండడం గుర్తుంది. నాన్న ఏడుస్తున్నాడని అప్పుడు తెలీలేదు, పెద్దయ్యాక అమ్మ చెప్పింది.

ఆ ఆలోచనలో సంచి భుజానికి తగిలించుకుని ముందుకి నడవబోయాను. జనం తోసుకుంటున్నారు. పటుక్కున పట్టీ తెగిపోయింది. బిందె రోడ్డు మీద పడి ఠంగుమని మోగింది. గుండె ఆగినంత పనైంది. తీసి చూస్తే కొత్త సొట్ట పడలేదు గానీ, ఆ బరువుని రెండు చేతులా పట్టుకుని ఎక్కడ నిలబడాలో తోచలేదు.

"ఏటి బాబూ, పట్టీ తెగిపోయినాదా? ఇలాగట్రా."

రోడ్డు పక్కనే ఇరుకు కొట్టు. లోపల కాలి మిషను, దాని వెనక ఒక ముసలాయన. ఊరంతా రోడ్డు మీదుంటే ఆయనొక్కడూ తల వంచుకుని స్కూలు చొక్కా కుడుతున్నాడు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, సంచి తీసుకుని, తెగినచోట వేలు పెట్టి చూశాడు.

"నీలం దారం బాబిన్లో లేదు, ఎర్రది ఉంది. పరవాలేదా?"

పరవాలేదన్నాను. వాళ్ళ తాత సాలూరాయనట. ఆయన పెరిగింది గుణుపురం వైపు, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడట. బయట కేకలు ఎక్కువవుతున్నాయి. మీరు చూడరా తాతా అని అడిగాను.

"నా సిన్నప్పుడు ఒకాయన్ని సూసినాను. మరింకెవులికోసమూ రోడ్డెక్కలేదు."

"ఎవర్ని?"

"వినోబాని."

పట్టీని మడతపెట్టి సూది కింద ఉంచాడు గానీ మిషను తొక్కలేదు.

"అప్పుడు నాకు ఏడేళ్ళు. గుణుపురం అవతల పల్లెలో ఉండేవోళ్ళం. వోన బాబూ, ఏరు పొంగిపోతంది. ఇంకా తెల్లారనేదు. మా నాయిన నన్ను బుజాలమీద ఎక్కించుకుని గట్టుమీద నిలబడ్డాడు. సీకట్లోంచి లాంతర్లు వత్తన్నాయి. ముందరాయనే. ఎంత పెద్ద మనిసి వత్తాడో అనుకున్నాను, మా నాయినకన్నా సన్నంగా ఉన్నాడు. గెడ్డం తడిసిపోయి నీళ్ళు కారతన్నాయి. మోకాళ్ళదాకా బురద."

"మీ ఊళ్ళో భూములిచ్చారా?"

"ఉన్నోళ్ళిచ్చినారు. మాకు సెంటు నేదు, ఏటిస్తాం? ఆయన ఎనకాల నడిసే పిల్లోడికి గుడ్డ సంచి సిరిగిపోయినాది. ఇదిగో, నీదానికిలాగే పట్టీ కాడ. మా నాయిన దర్జీ. ఆళ్ళు గంజి తాగేలోగా కుట్టిచ్చినాడు. డబ్బులిస్తే ఒద్దన్నాడు. మా నాయిన డబ్బులు ఒద్దనడం నాను సూసింది అదొక్కటే."

వినోబా భావే నడక మన పోచంపల్లిలోనే మలుపు తిరిగింది. 1951 ఏప్రిల్ 18న అక్కడి దళితులు భూమి అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నాడు. అక్కణ్ణించి ఊరూరా నడిచి భూమి అడుగుతూ వినోబా 1955లో ఒడిశాలో ఉన్నాడు. ఆ వర్షాకాలం కోరాపుట్ జిల్లాలో గడిపాడు. అప్పటి కోరాపుట్ అంటే ఇప్పటి కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి నాలుగూ కలిపి. ఇక్కడ మనుషులు ఎకరమో రెండెకరాలో కాదు, ఊరి భూమంతా ఊరిదేనని రాసిచ్చేశారు. గ్రామదానం. అలా ఇచ్చినవి వందల ఊళ్ళు, అందులో చాలా మట్టుకు గిరిజనులవే. ఇదంతా నేను డిగ్రీలో చదివి, పరీక్ష రాసి, మర్చిపోయిన సంగతి. గెడ్డం మీంచి నీళ్ళు కారడం చూసిన మనిషి నా ఎదురుగా కూర్చుని నా సంచి కుడుతున్నాడు.

ఇంకా అడగాలని ఉంది. ఆ భూములు చివరికి ఎవరి చేతిలో ఉన్నాయి, ఆ ఊరు ఇప్పుడెలా ఉంది అని. ఆయన మిషను తొక్కడం మొదలుపెట్టాడు. సూది పట్టీ మీద ముందుకి వెళ్ళి, వెనక్కి వచ్చి, అడ్డంగా తిరిగి గడి కట్టింది. దాని మధ్యలో ఇంటూ గుర్తులా ఇంకో కుట్టు. చర్మం ఎండిన వేళ్ళు, బొటనవేలి గోరు నల్లగా చీలి ఉంది, కానీ కుట్టు గీత గీసినట్టు తిన్నగా పడుతోంది. నేను దాన్నే చూస్తున్నాను.

బయట ఒక్కసారిగా అరుపు. హారన్లు. కొట్టు గోడలు దద్దరిల్లాయి. నేను లేచి, ఫోన్ తీసి, గుమ్మంలోకి వచ్చేసరికి దుమ్ము. రెండు నల్ల కార్లు మలుపు తిరిగి వెళ్ళిపోతున్నాయి, వెనక బైకులు. అంతే.

అందులో ఉన్నదెవరో ఎవరూ చూడలేదు. అద్దాలు నల్లగా ఉన్నాయట. ఒకడు చెయ్యి కనిపించిందన్నాడు. ఇంకొకడు అది మహేష్ కాదు, ప్రొడక్షన్ వాళ్ళ కార్లన్నాడు. ఇద్దరూ కొట్టుకునేదాకా వెళ్ళారు. గోడ మీది పిల్ల ఇంకా దండ పట్టుకుని నిలబడే ఉంది. చెల్లెళ్ళిద్దరూ ఏడుస్తున్నారు, అది ఏడవలేదు. నాకు మనసు పిండేసినట్టయింది. ఆపుతాడని చెప్పినవాణ్ణి నేనే.

మా డ్రైవరు బస్సెక్కుతుంటే ఆ పిల్ల వచ్చి దండ అతని చేతికిచ్చింది. "మజ్జిగౌరమ్మకి వెయ్యన్నా" అంది. అద్దం దగ్గర రాయగడ మజ్జిగౌరమ్మ పటం ఉంది. అతను చెప్పులు విడిచి, దండ వేసి, ఆ పిల్లకి అరటిపండు ఇచ్చాడు.

కుట్టుకూలి 20 అన్నాడు ముసలాయన. 50 నోటు ఇచ్చి ఉంచుకోమన్నాను. ఆయన డబ్బా తీసి, మూడు పదులు లెక్కపెట్టి, నా జేబులో తనే పెట్టాడు. బస్సు హారన్ కొడుతోంది. పేరు కూడా అడగలేదు నేను.

సిమిలిగుడ దాకా బస్సు పాకింది. సునాబెడ, కోరాపుట్ ఎప్పుడు దాటాయో గుర్తులేదు. జయపురంలో గడిపిన రెండు రోజుల్లో చెప్పుకోవాల్సింది ఒకటే. అత్త బిందె అందుకుని, మూతి దగ్గర వేలితో తడిమి, ఒకచోట ఆపింది. "ఈ సొట్ట నేను పెట్టిందే. నూతి దగ్గర. అమ్మ చేత దెబ్బలు తిన్నాను." ఆ రాత్రి బిందె మంచం పక్కన పెట్టుకుని పడుకుంది.

మా అమ్మాయి వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత తనే ఒక వీడియో తెచ్చి చూపించింది. ప్రియాంకా చోప్రా చెప్పుకున్న అనుభవం. వైజాగ్ ఎయిర్‌పోర్టుకి వెళ్తుంటే సిగ్నల్ దగ్గర ఒకావిడ జామకాయలు అమ్ముతోందట. ధర 150 అంటే 200 ఇచ్చి చిల్లర ఉంచుకోమందట. ఆవిడ వెళ్ళి, సిగ్నల్ పడేలోగా తిరిగొచ్చి ఇంకో రెండు కాయలు చేతిలో పెట్టిందట. ఊరికే వచ్చే డబ్బు ఆవిడకి అక్కర్లేదని ప్రియాంక చాలా కదిలిపోయి చెప్పింది. నాకు నా జేబులోకి వచ్చిన మూడు పది నోట్లు గుర్తొచ్చాయి. అదే వారంలో రాజమౌళి దేవమాలి ఎక్కి, దారి పొడవునా చెత్త చూసి బాధపడి, వెళ్ళినవాళ్ళు తమ చెత్త తామే వెనక్కి తెచ్చుకోవాలని రాశాడు. మంచి మాట రాశాడు. ఆ కొండల మీద ప్లాస్టిక్ కవర్లు చూస్తే నాకూ అంతే మండుతుంది.

తిరుగు బస్సు పొట్టంగి దాటేసరికి చీకటి పడింది. అద్దానికి మొహం ఆనించి చూశాను. కొట్టు మూసి ఉంది.

సంచి ఇప్పుడు ఇంట్లో బియ్యం తేవడానికి వాడుతున్నాం. 25 కిలోలు వేసినా పట్టీ కదల్లేదు. నీలం గుడ్డ మీద ఎర్ర గడి, మధ్యలో ఇంటూ గుర్తు. మొన్న మా అమ్మాయి దాని మీద వేలు పెట్టి, ఇదెవరు కుట్టారు నాన్నా అని అడిగింది. కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పాను.